రాతిమీది గీతలూ రవి గమనమూ

ధనుర్మాసం పట్టిన నాటినుంచి రథసప్తమి వరకు తెలుగింటి వాకిలి ఒక పంచాంగం వంటిది. పంచాంగం తెరవకుండానే, వాకిట ముగ్గు చూసి సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో చెప్పగల ముత్తైదువలు మన పల్లెల్లో నేటికీ ఉన్నారు. రథసప్తమి నాడు తలపైన జిల్లేడాకులు ఉంచుకొని చేసే స్నానం, తులసికోట ముందు చిక్కుడుకాయలతో కట్టే రథం, ఆవుపిడకల నిప్పులమీద పొంగే పాలు, ఇవన్నీ సూర్యగమనాన్ని ఇల్లిల్లూ గుర్తుపెట్టుకొనే విధానాలు. దేవునికడప శ్రీ లక్ష్మీ వేంకటేశ్వరస్వామివారి రథోత్సవం కూడా ఆనాడే. కర్మసాక్షి అయిన ఆ స్వామిని ప్రత్యక్షదైవంగా కొలిచే సంప్రదాయంలో పుట్టి పెరిగినవారికి, ఏ కొండరాతిమీదనో ఒక వలయమూ, దాని చుట్టూ కొన్ని గీతలూ కనబడగానే సూర్యుడూ, సంవత్సరమూ స్ఫురించడంలో ఆశ్చర్యం లేదు.

అయితే స్ఫురణ వేరు, నిర్ణయం వేరు. ఎవరూ చదవలేని గుర్తులను చూసి “ఇది మన పూర్వులు రాసిపెట్టిన సౌర సంవత్సరం” అని ప్రకటించే అలవాటు ఇటీవల ఆస్తికుల ఇళ్లలోనూ, గుడి అరుగులమీదనూ పెరుగుతున్నది. ఆ మాట నిజం కావచ్చును. కాని నిజమని చెప్పడానికి ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. ఆ పని చేయకుండా చెప్పడం భక్తి కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఈ విషయం మన జిల్లాకు దూరపుది కాదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల ప్రక్కగా సాగే పెన్నానది సిద్ధవటం చేరేచోట లంకమల అడవి ఉన్నది. అక్కడి నిత్యపూజకోనకూ, అక్కదేవతల కొండకూ వెళ్లివచ్చే భక్తులు మన ఊళ్లలోనూ అనేకులు. 2025 ఫిబ్రవరి నెలాఖరులో, మార్చి మొదట భారత పురావస్తు శాఖవారు ఆ అడవిలో పరిశీలన జరిపి, రాళ్లపై 15 శాసనాలనూ, వాటితోపాటు ప్రాచీన చిత్రాలనూ గుర్తించినట్లు ప్రకటించారు. శాసనాలలో అతి ప్రాచీనమైనవి క్రీ.శ. 4వ శతాబ్దినాటి బ్రాహ్మీలిపిలోనివి. 13వ శతాబ్దినాటి నాగరి లిపి సంస్కృతమూ, 10 నుంచి 16వ శతాబ్ది వరకు గల తెలుగూ ఉన్నాయి. వీటి మధ్య 6వ శతాబ్దికి చెందినదిగా చెప్పబడుతున్న శంఖలిపి కూడా ఉన్నది.

శంఖలిపి అన్నది పాఠకులలో చాలామందికి కొత్త పేరు కావచ్చును. శంఖంలోని మెలికలవలె చుట్టలు చుట్టుకొని, అలంకారంగా సాగే అక్షరాలు గనుక దానికి ఆ పేరు వచ్చింది. 1836లో జేమ్స్ ప్రిన్సెప్ దీనిని లోకం దృష్టికి తెచ్చాడు. బ్రాహ్మీలిపి గుట్టు విప్పిన మహానుభావుడు అతడే. అటువంటివాడికి కూడా శంఖలిపి లొంగలేదు. ఉత్తర భారతంలో గుహలలో, గుడి స్తంభాలమీద, కొండరాళ్లమీద ఇది విస్తారంగా కనబడుతుంది. దక్షిణాదిన అరుదు. యాత్రికుల పేర్లో, సంతకాలో అయి ఉండవచ్చునని కొందరు పండితులు ఊహించారు. ఒకరి పఠనాన్ని మరొకరు పూర్తిగా అంగీకరించిన సందర్భం నేటికీ లేదు. లంకమలలో తెలుగు శాసనం పక్కన ఆ లిపి ఉండడం మన అదృష్టం. ఒకే అడవిలో చదవగలిగిన రాతా, చదవలేని రాతా పక్కపక్కనే ఉన్నాయి.

చదవలేని రాతను కాలగణనగా భావించడం మూఢత్వమని ఎవరైనా అంటే నేను అంగీకరించను. మధ్య అమెరికాలోని మాయా జాతివారి లిపి విషయంలో సరిగ్గా అదే జరిగింది. జర్మనీలోని డ్రెస్డెన్ నగర గ్రంథాలయంలో ఉన్న మాయా గ్రంథాన్ని అక్కడి గ్రంథపాలకుడు ఫోర్‌స్టెమన్ 19వ శతాబ్ది చివరి దశాబ్దాలలో పరిశీలించి, అందులోని సంఖ్యలనూ, కాలగణననూ ముందుగా తేల్చాడు. ఇరవై రోజుల నెలలు 18, పైన అయిదు రోజులు కలిపి 365 రోజుల సంవత్సరం వారిది. మాటలు చదవడానికి దారి దొరికింది మాత్రం 1952లో, రష్యా పండితుడు క్నోరొజోవ్ వల్ల. అంటే ఒక జాతి పంచాంగం దాని భాషకంటె డెబ్బై ఏళ్ల ముందు మనకు తెలిసింది. పసిఫిక్ మహాసముద్రంలోని ఈస్టర్ దీవిలో కొయ్యపలకలమీద చెక్కిన లిపి ఒకటున్నది. దానిని నేటికీ ఎవరూ చదవలేదు. అయినా ‘మమారి’ అనే పలకమీద కొన్ని పంక్తులు చాంద్రమాసంలోని రాత్రుల లెక్క అని 1958లో బార్తెల్ చూపగా పండితలోకం చాలావరకు ఒప్పుకొన్నది.

ఎందుకు ఒప్పుకొన్నది? చంద్రుని గుర్తు వరుస తప్పకుండా మళ్లీ మళ్లీ వస్తున్నది. ఆ వరుస నెలకు సరిపోతున్నది. అంతకంటె ముఖ్యంగా, ఆ దీవివాసులు తమ రాత్రులకు పెట్టుకొన్న పేర్ల జాబితా వేరుగా, పలకతో సంబంధం లేకుండా, వారి నోటినుంచి అంతకుముందే సేకరింపబడి ఉన్నది. రాతకు బయట ఒక సాక్షి దొరికింది. మాయా గ్రంథానికి గణితమే సాక్షి: ఒక పుటలో కూడిన సంఖ్య మరొక పుటలో సరిపోవలసిందే. సాక్షి లేని వ్యాజ్యాన్ని ఏ న్యాయస్థానమూ నిలబెట్టదు.

మనవారు సాధారణంగా చూపే సాక్షి ఏమిటి? లెక్క. “గీతలు పన్నెండు ఉన్నాయి, కనుక ద్వాదశ మాసాలు” అంటారు. ఇక్కడే చిక్కు. మన సంప్రదాయం సంఖ్యల విషయంలో మహా సంపన్నమైనది. గీతలు అయిదైతే పంచభూతాలు, ఆరైతే ఋతువులు, ఏడైతే సప్తాశ్వాలు, ఎనిమిదైతే దిక్కులు, తొమ్మిదైతే గ్రహాలు, పదకొండైతే రుద్రులు, పన్నెండైతే ఆదిత్యులు, పదునాలుగైతే భువనాలు, పదహారైతే చంద్రకళలు, ఇరవైయేడైతే నక్షత్రాలు, ముప్పదైతే తిథులు, అరవైయైతే ప్రభవాది సంవత్సరాలు. అర్థం లేని సంఖ్య మనకు దొరకడమే కష్టం. ఏ సంఖ్య వచ్చినా సరిపోయే సమాధానం దేనినీ నిరూపించజాలదు.

ఈ మాట అర్థం కావడానికి ఇంటి ముంగిలికే వద్దాం. పండుగకు అమ్మాయిలు వేసే సందుచుక్కల ముగ్గులలో 19 చుక్కల ముగ్గు ఒకటి. నడుమ వరుసలో 19 చుక్కలు పెట్టి, పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గించుకొంటూ, ఒక్క చుక్క మిగిలేవరకు వెళతారు. మొత్తం కూడి చూడండి: 361 చుక్కలు. మూడువేల ఏళ్ల తరువాత ఈ ముగ్గు ఏ బండమీదనో చెక్కబడి ఒక పరదేశికి దొరికిందనుకొందాం. “360 రోజులు, నట్టనడుమ సూర్యుడు, ఇది సౌర సంవత్సరమే” అని అతడు ఉప్పొంగిపోతాడు. ఋగ్వేదం ప్రథమ మండలంలోని 164వ సూక్తంలో పన్నెండు ఆకుల కాలచక్రమూ, దానిలో బిగించిన 360 మేకులూ చెప్పబడ్డాయని కూడా అతనికి తెలిసి ఉంటే ఇక పట్టపగ్గాలుండవు. వేసిన పిల్లకు మాత్రం అది వాకిలి వెడల్పుకు సరిపోయిన ముగ్గు.

ఆ ఋషివాక్కును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పైగా, దానివల్లనే ఈ మాట చెబుతున్నాను. కాలచక్రాన్ని గురించి చెప్పదలచినప్పుడు మన పూర్వులు స్పష్టంగా చెప్పారు. వేదాంగ జ్యోతిషం అయిదు సంవత్సరాల యుగానికి 1830 రోజులని లెక్క ఇచ్చింది. సూర్యసిద్ధాంతం త్రిప్రశ్నాధికారంలో, నేలను చదును చేసి, వృత్తం గీసి, నడుమ పన్నెండు అంగుళాల శంకువు నిలిపి, ఉదయమూ సాయంత్రమూ నీడ కొన వృత్తాన్ని తాకిన చోట గుర్తులు పెట్టి తూర్పు పడమరలు తేల్చే విధానం చెప్పింది. అంత నిక్కచ్చిగా చెప్పిన మహర్షుల వారసులం, ఏ గీతనైనా ఏదో ఒక సంఖ్యకు అతికించి సరిపెట్టుకోవడం వారికి గౌరవమా?

ఇక చదవగలిగిన రాళ్లవద్దకు వెళదాం. మన మూడు తాలూకాలలో పొలాల గట్లమీద, గుడి వెనుక, చెరువు కట్టమీద దానశాసనాల రాళ్లూ, వీరగల్లులూ ఎన్ని లేవు! వాటి పైభాగాన సూర్యబింబమూ, చంద్రవంకా చెక్కి ఉండడం అందరూ చూసినదే. శాసనం చదవరాని వారికి అది గ్రహణమో, పంచాంగమో అనిపించవచ్చును. కాని కింద ఉన్న అక్షరాలు దాని అర్థాన్ని చెబుతున్నాయి: ఈ దానం ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులు ఉన్నంత కాలం, సాగవలెనని. అక్కడ సూర్యుడు సంవత్సరాన్ని కొలిచేవాడు కాడు, సాక్షి. కాలం చెప్పవలసి వచ్చినప్పుడు శాసనకారుడు శకవర్షం, సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం రాశాడు. ఉత్తరాయణ సంక్రాంతి నాడు దానం జరిగితే ఆ మాటే రాశాడు. కింద అక్షరాలు అరిగిపోయి పైన సూర్యుడు మాత్రం మిగిలిన రాయిని చూసి మనం ఏమనేవాళ్లమో ఒక్కసారి ఆలోచించండి. తప్పక పొరబడేవాళ్లం.

ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్ల మీదుగా ముద్దనూరు వైపు వెళ్లేవారికి విద్యుత్కేంద్రపు పొగగొట్టాలు దూరంనుంచే కనబడతాయి. వాటి నీడలోని ఊరే కలమళ్ల. అక్కడి ఆలయ ప్రాంగణంలో లభించిన రేనాటి చోళుల శాసనం, ఎరికల్ ముత్తురాజు ధనంజయునిది, మనకు లభించిన తెలుగు శాసనాలలో తొలిదిగా పేరు పొందింది. సుమారు క్రీ.శ. 575 నాటిదని పండితులు నిర్ణయించారు. ఆ సంవత్సరం రాతిమీద రాసి లేదు. అక్షరాల ఆకృతిని, ఒంపుసొంపులను, కాలం తెలిసిన ఇతర శాసనాలతో పోల్చి తేల్చినది. కొంత భాగం చెరిగిపోయిన ఆ రాతను ఊహతో పూరించడానికి పండితులు తొందరపడలేదు. చెరిగినచోట చెరిగిందనే రాశారు. తెలుగువాడి తొలి పలుకుకే అంత జాగ్రత్త తీసుకొన్నప్పుడు, ఏ భాషో తెలియని గుర్తుల విషయంలో ఇంకెంత తీసుకోవాలి?

అదే దారిలో ఇంకొంత ముందుకు వెళితే ముద్దనూరు మండలంలో, జమ్మలమడుగుకూ పులివెందులకూ నడుమ, చింతకుంట. ఆ ఊరి సమీపంలోని రాతిగుండ్లమీద ఎరుపు, తెలుపు రంగులలో ఎద్దులు, లేళ్లు, మనుషుల రూపాలు రెండువందల వరకు ఉన్నాయి. ఆస్ట్రియా దేశపు పండితుడు ఎర్విన్ న్యూమయర్ వాటిని పరిశోధకుల దృష్టికి తెచ్చాడు. అంతకు ఎంతో ముందే మన పశువుల కాపరులు ఆ గుండుకు ‘ఎద్దుల ఆవుల గుండు’ అని పేరు పెట్టుకొన్నారు. ఆ పేరు నాకెంతో ఇష్టం. కనబడినదాన్నే చెప్పిన పేరు అది. ఎద్దు కనబడితే ఎద్దు అన్నారు. వృషభరాశి అనలేదు.

మరి సూర్యుని సంవత్సరం రాళ్లలో ఎక్కడా దొరకదా? దొరుకుతుంది. దొరికినచోట గీతలను లెక్కపెట్టి కాదు, దిక్కును కొలిచి తేల్చారు. తెలంగాణలోని నారాయణపేట జిల్లా, కృష్ణానది ఒడ్డున ముడుమాల్ గ్రామం ఉన్నది. అక్కడ సుమారు 80 ఎకరాలలో, పదినుంచి పదునాలుగు అడుగుల ఎత్తైన నిలువురాళ్లు అనేకం నాటి ఉన్నాయి. వాటి చుట్టూ చిన్నరాళ్ల వరుసలు. మూడున్నర వేల ఏళ్లకు తక్కువ కానివని అంచనా. హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.పి. రావుగారు ఎన్నో ఏళ్లు అక్కడ పరిశీలించి, కొన్ని రాళ్ల వరుసలు అయన దినాలలోనూ, విషువదినాలలోనూ సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులకు సరిగ్గా నిలిచి ఉన్నాయని చూపారు. అక్కడి ఒక రాతిమీద చిన్న చిన్న గుంటలు తొలిచి ఉన్నాయి. అవి సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయని కూడా వారే చెప్పారు. 2025లో ఆ స్థలం యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కింది.

గుంటలు సప్తర్షులే అన్నమాటను మాత్రం గుంటలవల్లనే ఎవరూ నమ్మవలసిన పని లేదు. ఏడు గుంటలు ఎక్కడైనా ఉండవచ్చును. చుట్టూ ఉన్న రాళ్లు సూర్యుని దిక్కును చూపుతున్నందువల్లనే ఆ ఏడు గుంటలకు బలం వచ్చింది. మరొక మాట. అక్కడి పల్లెజనం ఆ నిలువురాళ్లను ‘నిలువురాళ్ల తిమ్మప్ప’ అనీ, ఎల్లమ్మ అనీ తరతరాలుగా పూజిస్తున్నారు. వారికి ఖగోళం తెలియదు. వారు ఆ రాళ్లకు ఏ అర్థమూ అంటగట్టలేదు. దండం పెట్టుకొన్నారు, పెకలించకుండా ఉంచారు. అందువల్లనే నేడు కొలవడానికి రాళ్లు మిగిలాయి. భక్తి చేయగలిగిన మేలు ఇంతకంటె ఏమున్నది?

మన జిల్లాలో ఎవరికైనా కొండమీద ఒక గుర్తు కనబడి, అది సంవత్సర చక్రమేమోనన్న భావన కలిగితే పరీక్ష ఏమిటో కొంత వివరంగా చెబుతాను. ప్రొద్దుటూరు అక్షాంశం సుమారు 14 డిగ్రీల 45 నిమిషాలు. ఇక్కడినుంచి చూస్తే సూర్యుడు జూన్ 21 ప్రాంతంలో నిక్కపు తూర్పుకు 24 డిగ్రీలకు కొంచెం పైగా ఉత్తరాన, డిసెంబరు 21 ప్రాంతంలో అంతే దూరం దక్షిణాన ఉదయిస్తాడు. చేయి చాచి పిడికిలి పట్టి కొలిస్తే, ఈ చివరినుంచి ఆ చివరికి దాదాపు అయిదు పిడికిళ్లు. జమ్మలమడుగుకూ పులివెందులకూ దాదాపు ఇదే లెక్క. ఏడాది పొడుగునా స్వామి రథం ఈ అయిదు పిడికిళ్ల మేరలోనే అటూ ఇటూ సంచరిస్తుంది. ఏ గుర్తు అయినా ఈ రెండు కొనలలో ఒకదానిని, లేదా నడిమి తూర్పును చూపుతున్నదా అన్నది మొదటి ప్రశ్న. ఆ గుర్తు వెలుపలికి చూపుతున్నట్లయితే, ఎన్ని గీతలున్నా సూర్యోదయంతో దానికి సంబంధం లేదు.

మన అక్షాంశానికి మరొక విశేషం ఉన్నది. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 30 ప్రాంతంలోనూ, మళ్లీ ఆగస్టు 12, 13 తేదీల ప్రాంతంలోనూ, సూర్యుడు మన నడినెత్తిమీదికి వస్తాడు. ఆనాటి మిట్టమధ్యాహ్నం, గడియారంలో పన్నెండుంబావు వేళ, నిటారుగా నిలిపిన రోకలికి నీడ ఉండదు. కాశీ, ప్రయాగలలో ఈ విశేషం ఎన్నడూ సంభవించదు. కాబట్టి ఉత్తరదేశంలోని ఒక రాతి లెక్కను తెచ్చి మన కొండకు అతికించడం పొసగదు. మన కొండకు మన సూర్యుడే పరీక్ష.

సంక్రాంతి విషయంలో కూడా పొరపాటు పడేవారున్నారు. నక్షత్రాలను బట్టి లెక్కించే సంవత్సరం, అయనాలను బట్టి లెక్కించేదానికంటె సుమారు 20 నిమిషాలు దీర్ఘమైనది. దానివల్ల 71 ఏళ్లకు సుమారు ఒక రోజు తేడా పడుతూ వచ్చింది. క్రీ.శ. 3వ శతాబ్ది చివర మకర సంక్రమణమూ, సూర్యుడు ఉత్తరానికి తిరిగే దినమూ దాదాపు ఒక్కటే. కలమళ్ల శాసనకాలానికి నాలుగు రోజుల ఎడం. నేడు 24 రోజులు. పుణ్యకాల నిర్ణయం పంచాంగకర్తలది, అందులో వేలుపెట్టడం ఈ వ్యాసం పని కాదు. కాని రాతిమీది గుర్తు జనవరి 14 నాటి సూర్యోదయానికి సరిపోయిందని సంబరపడేవారు ఒక్కటి గమనించాలి. చింతకుంట చిత్రాలవంటి అతి ప్రాచీనకాలపు మనిషి సూర్యోదయం చూసి గుర్తు పెట్టి ఉంటే, రథం ఆగి వెనుకకు మళ్లిన కొననే పెట్టి ఉండాలి. ఆ కొన దిక్కు నాలుగువేల ఏళ్లలో అర డిగ్రీకి మించి మారలేదు. నేటి జనవరి 14 నాటి ఉదయస్థానానికి ఆనాడు ప్రత్యేకత ఏమీ లేదు.

“ఇంత శోధన ఎందుకండీ? భక్తులు నమ్మితే నష్టమేమిటి?” అని పెద్దలొకరు నన్ను అడిగారు. నష్టం రాతికి. సూర్యచక్రమని పేరు పడిన మరునాటికి ఆ గుర్తుకు పసుపు పూస్తారు. గీతలు బాగా కనబడాలని సున్నంతోనో, రంగుతోనో వాటిమీద దిద్దుతారు. దిద్దేవాడు తనకు తోచిన గీతను కూడా కలుపుతాడు. పదకొండు గీతలున్నచోట పన్నెండు కావడానికి ఒక్క కుంచె చాలు. ఆ తరువాత ఎంతటి పండితుడు వచ్చినా ఏది పాతదో, ఏది నిన్నటిదో విడదీయలేడు. ఇంకొక ప్రమాదం మన సీమకు ప్రత్యేకం. అర్థం కాని రాతి గుర్తు కనబడితే కొందరికి సూర్యుడు కాక గుప్తనిధి స్ఫురిస్తుంది. అర్ధరాత్రి గడ్డపారలతో వచ్చి గుళ్లనూ, నందులనూ, రాళ్లనూ పగులగొట్టిన వార్తలు ఈ పత్రిక పాఠకులకు కొత్తవి కావు. ఒక గుర్తు “రహస్యమైనది, మహిమ గలది” అని మనం చేసే ప్రచారమే వారికి దారి చూపుతున్నదని చెప్పడానికి బాధగా ఉన్నది.

పులివెందులనుంచి వేంపల్లె వైపు వెళ్లేవారందరికీ గండి ఆంజనేయస్వామి కథ తెలుసు. శ్రీరామచంద్రుడు బాణం కొనతో కొండరాతిమీద హనుమంతుని రూపం గీశాడనీ, ఎడమచేతి చిటికెనవేలు ఒక్కటి పూర్తి కాకుండా మిగిలిందనీ, తరువాత ఒక శిల్పి ఆ వేలిని చెక్కబోగా నెత్తురు వచ్చిందనీ చెబుతారు. ఆ వేలు లేని స్వామికే పాపఘ్ని ఒడ్డున శ్రావణమాసంలో వేలాది మంది మొక్కుతున్నారు. మూర్తి అసంపూర్ణమని ఏ భక్తుడైనా వెనుదిరిగాడా? రాతిమీది గీతను ఉన్నది ఉన్నట్లు ఉంచడం మన ప్రాంతానికి ఆ క్షేత్రమే ఎన్నడో నేర్పింది. లంకమలలోని శంఖలిపికి ఆ మర్యాద దక్కకూడదా?

కోనలకూ కొండలకూ యాత్ర చేసేవారు అటువంటి గుర్తు చూస్తే నీళ్లు చల్లవద్దు, పసుపు కుంకుమలు పూయవద్దు, సుద్దతో దిద్దవద్దు. ఉదయం ఏటవాలు ఎండలో నిలబడి ఫొటో తీసుకొంటే లోతులేని గీతలు కూడా తేటగా వస్తాయి. పక్కన ఒక స్కేలో, అగ్గిపెట్టో పెట్టి తీస్తే కొలత తెలుస్తుంది. తహశీల్దారు కార్యాలయానికో, పురావస్తు శాఖకో ఒక దరఖాస్తు రాయండి. దీపం పెట్టాలనిపిస్తే ఆ రాతికి పదడుగుల ఎడంగా పెట్టండి.

సూర్యుని సంవత్సరాన్ని రాతిలో వెదకదలచినవారు ముందు ఆకాశంలో ఒకసారి చూడడం మంచిది. డిసెంబరు 21 ఉదయం మీ మేడమీద ఒకేచోట నిలబడి, సూర్యుడు ఏ చెట్టు పక్కన, ఏ కొండ భుజంమీద తొంగిచూశాడో పిల్లల చేత ఒక కాగితంమీద గీయించండి. సంక్రాంతి నాడు అభ్యంగన స్నానం చేసి, అదే చోట నిలబడి మళ్లీ గీయించండి. సూర్యబింబం నాలుగు బింబాల దూరం, చాచిన చేతి బొటనవేలి వెడల్పంత, ఎడమవైపునకు జరిగి కనబడుతుంది. రథసప్తమి నాడు మూడవ గుర్తు పెట్టించి, ఆ కాగితాన్ని పంచాంగంలో భద్రపరచండి.